గొరగనమూడి నుంచి గామా కిరణాల దాకా: స్వామి జ్ఞానానంద జీవితం



పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ రోజుల్లో ఒకటే చర్చ. ఎంపీసీయా, బైపీసీయా? ఇక్కడే చదివించాలా, విజయవాడ హాస్టల్లో వేయాలా? తుళ్లూరు చుట్టుపక్కల పత్తి, మిర్చి వేసుకుంటూ పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు ఉన్నారు. రాజధానికి భూమి ఇచ్చి, ఏటా వచ్చే కౌలు డబ్బులోంచి ఫీజు కడుతున్నవాళ్లూ ఉన్నారు. ఎవరితో మాట్లాడినా చివరికి తేలే భయం ఒక్కటే. పదిహేనేళ్ల వయసులో ఒక అడుగు అటూ ఇటూ పడితే పిల్లల జీవితం చేజారిపోతుందేమో అని. కష్టపడి సంపాదించిన డబ్బు పెడుతున్నప్పుడు ఆ భయం ఉండడం సహజమే.

అందుకే ఈ నెల మన తెలుగు శాస్త్రవేత్త ఒకరి గురించి రాస్తున్నాను. ఈయన ముప్ఫై దాటాక ఫిజిక్స్ పుస్తకం పట్టారు. అరవై ఏళ్లు దగ్గరపడ్డాక మన రాష్ట్రంలో అణు భౌతిక పరిశోధనకు పునాది వేశారు. ఆయన జీవితమంతా చేసిన పని ఒక్కటే: కంటికి కనబడని కిరణాల శక్తిని కొలవడం. ఈ రోజు ప్రపంచంలో కొన్ని ల్యాబుల్లో గామా కిరణాల శక్తిని మనకు కావలసిన చోటికి శ్రుతి చేసి వాడుతున్నారు. ఆ కొత్త పరికరాల గురించి తెలుసుకోవాలంటే ఈ పాత కొలతల నుంచే మొదలుపెట్టాలి.

భీమవరం పక్క పల్లెటూరు

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబర్ 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. తండ్రి రామరాజు గారి దగ్గర వేద గ్రంథాలు, తాళపత్రాలు ఉండేవి. పిల్లవాడు వాటి మధ్యే పెరిగాడు. హైస్కూలు చదువు నరసాపురం టేలర్ హైస్కూల్లో సాగింది.

ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోయారు. పదేళ్ల పాటు హిమాలయ ప్రాంతాల్లో ధ్యానంలో గడిపారు. అక్కడే సన్యాసిగా మారి స్వామి జ్ఞానానంద అయ్యారు. (మా అబ్బాయి కూడా హిమాలయాలకు వెళ్తానంటే ఏం చేయాలని నన్ను అడగకండి! ఏ ఇంట్లోనైనా అది పెద్ద బాధే. ఆ ఇంట్లోనూ అయ్యే ఉంటుంది.) మనం గమనించాల్సింది వేరే ఉంది. ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి ఆయన చేతిలో సైన్స్ డిగ్రీ లేదు. ఈనాటి లెక్కల్లో అయితే ఆయన్ని ఏ జాబితాలోనూ వేయలేం.

డ్రెస్డెన్‌లో మలుపు

1927లో ఆయన జర్మనీ వెళ్లారు. వెళ్లింది సైన్స్ కోసం కాదు. తాను రాసిన ఆధ్యాత్మిక రచనను అచ్చు వేయించడానికి, యోగం మీద ఉపన్యాసాలు ఇవ్వడానికి వెళ్లారు. అప్పటి జర్మనీలో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించి చదువుకున్నవాళ్లంతా మాట్లాడుకునేవారు. ఆ మాటలు ఆయన్ని పట్టుకున్నాయి. డ్రెస్డెన్‌లో గణితం, ఫిజిక్స్ మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి వయసు ముప్ఫై దాటింది. భాష కొత్త, సబ్జెక్టు కొత్త. తనకంటే పదేళ్లు చిన్నవాళ్లు చదివే పాఠాలవి.

తర్వాత ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో వాత్స్‌లావ్ డొలెయ్‌షెక్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. డొలెయ్‌షెక్ ఎక్స్ కిరణాల వర్ణపటాల్లో నిపుణుడు. 1922లోనే ఎక్స్ కిరణాల్లో ఎన్ శ్రేణి అనే కొత్త వరుసను కనిపెట్టారు.

వర్ణపటం అంటే ఏమిటో మన పిల్లలు పదో తరగతిలో చదువుతారు. తెల్లటి వెలుగును గాజు పట్టకం గుండా పంపితే ఏడు రంగులుగా విడిపోతుంది. ఒక్కో రంగుకు ఒక్కో శక్తి. ఎక్స్ కిరణాలను గాజు పట్టకం ఇలా విడదీయలేదు. వాటికి స్ఫటికం కావాలి. స్ఫటికంలో అణువులు వరుసలుగా పేర్చి ఉంటాయి కాబట్టి, ఒక్కో శక్తి ఉన్న ఎక్స్ కిరణం ఒక్కో కోణంలో వెనక్కి వస్తుంది. ఆ కోణాన్ని కొలిస్తే శక్తి తెలుస్తుంది. కోణంలో కొంచెం తేడా వచ్చినా లెక్క మారిపోతుంది. ఇలాంటి ఓపిక పనిలో స్వామి ప్రాగ్‌లో డాక్టరేట్ సంపాదించారు. అప్పటికి ఆయన నలభయ్యో పడికి దగ్గరలో ఉన్నారు.

ఆ గురువు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొన్నేళ్లకు నాజీ జర్మనీ ప్రాగ్‌ను ఆక్రమించింది. డొలెయ్‌షెక్‌ను నాజీలు అరెస్టు చేశారు. 1945 జనవరిలో, యుద్ధం ముగియడానికి నాలుగు నెలల ముందు, ఆయన టెరెజీన్ చెరలో చనిపోయారు. మన తెలుగు శిష్యుడికి కొలవడం నేర్పిన మనిషి అంతం అది.

లివర్‌పూల్‌లో బీటా కిరణాలు

ప్రాగ్ తర్వాత స్వామి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ చేరారు. అక్కడ జేమ్స్ చాడ్విక్ ఉన్నారు. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టి 1935లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయనే. ఆయన ల్యాబులో స్వామి బీటా కిరణాల వర్ణపటాల మీద పనిచేశారు.

ఎక్స్ కిరణాలు పరమాణువులోని ఎలక్ట్రాన్ల నుంచి వస్తాయి. బీటా, గామా కిరణాలు ఇంకా లోపల, పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకం నుంచి వస్తాయి. బీటా కిరణం అంటే కేంద్రకం బయటికి విసిరే ఎలక్ట్రాన్. అలా విసిరాక చాలాసార్లు కేంద్రకంలో ఇంకా కొంత శక్తి మిగిలి ఉంటుంది. అది గామా కిరణంగా బయటపడుతుంది. కాబట్టి బీటాను కొలిచేవారు గామా సంగతీ తెలుసుకుంటారు. ఈ రెండూ ఒకే ఇంటి కబుర్లు.

బీటా కిరణాలను కొలవాలంటే అయస్కాంతం కావాలి. ఎలక్ట్రాన్ అయస్కాంత క్షేత్రంలో వంగి వెళుతుంది. శక్తి ఎక్కువున్నది తక్కువ వంగుతుంది, శక్తి తక్కువున్నది ఎక్కువ వంగుతుంది. ఎంత వంగిందో చూస్తే ఎంత శక్తి ఉందో తెలుస్తుంది. అయితే దారిలో గాలి అణువులు అడ్డం వస్తే ఎలక్ట్రాన్ వాటికి తగిలి పక్కకు పోతుంది. అందుకే పరికరం లోపలి గాలినంతా తోడేసి శూన్యం చేయాలి. ఎక్కడో ఒక చిన్న సందు ఉన్నా గాలి లోపలికి వచ్చేస్తుంది. ల్యాబుల్లో సగం రోజులు ఆ సందు ఎక్కడుందో వెతకడానికే పోతాయి.

స్వామి ఈ పనిలో ఎంత లోతుకు వెళ్లారంటే, ఆ విషయం మీదే హై వాక్యువా అనే పుస్తకం రాశారు. 1947లో అమెరికాలో అచ్చయింది. శూన్యాన్ని ఎలా తయారుచేయాలి, ఎలా కొలవాలి అనేదే ఆ పుస్తకం. ఏళ్ల తరబడి ధ్యానంలో కూర్చున్న సన్యాసి, గాలి లేని గొట్టాల గురించి ఇంజనీర్లకు పనికొచ్చే పుస్తకం రాశారన్నమాట. ఈ మధ్యలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధన చేశారు.

తిరిగి సొంత నేలకు

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన దేశానికి తిరిగొచ్చి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. ఆ తర్వాత 1950ల మధ్యలో వాల్తేరుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. వి.ఎస్. కృష్ణ గారు వైస్ చాన్సలర్‌గా ఉన్న రోజులవి. అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను, పరిశోధనా ల్యాబును స్వామి నిలబెట్టారు.

ఆయన వయసు అప్పటికి అరవైకి దగ్గర. చాలామంది రిటైరయ్యే వయసు అది. బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండే వసతులు అప్పటి వాల్తేరులో లేవు. ఆ పరిస్థితిలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు బీటా, గామా కిరణాలను కొలవడం నేర్పే చోటు తయారైంది. గామా కిరణాలు ఒక్కో లోహంలో ఎంత మేర ఆగుతాయి, ఎలక్ట్రాన్లకు తగిలి ఎలా చెదురుతాయి అన్న కొలతలు ఆ ల్యాబు నుంచి అంతర్జాతీయ పత్రికలకు వెళ్లాయి. కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు కేంద్రక శాస్త్రవేత్తలయ్యారు.

1969 సెప్టెంబర్ 21న స్వామి చనిపోయారు. ఆ ల్యాబులకు తర్వాత ఆయన పేరే పెట్టారు.

కొలతలు ఎందుకు పనికొచ్చాయి?

గామా కిరణాల పేరు వినగానే మనకు క్యాన్సర్ ఆసుపత్రిలోని కోబాల్ట్ యంత్రం గుర్తొస్తుంది. మిర్చి ప్రాంతం వాళ్లం కాబట్టి ఇంకో ఉపయోగం కూడా తెలుసుకోవాలి. కారం, పసుపు, మిరియాల వంటి దినుసుల్లో సూక్ష్మక్రిములను చంపడానికి గామా కిరణాలు వాడతారు. నవీ ముంబైలోని వాశిలో దీనికోసం ప్రభుత్వ ప్లాంటు 2000లో మొదలైంది. సరుకును సంచుల్లో మూసి ఉంచే ఈ పని చేయవచ్చు. సరుకు వేడెక్కి రంగు, వాసన పోయే బెడద ఉండదు. కిరణం తగిలినంత మాత్రాన కారం రేడియోధార్మికం అయిపోదు.

అయితే కోబాల్ట్-60కి ఒక పరిమితి ఉంది. అది గుడి గంట లాంటిది. ఎన్నిసార్లు కొట్టినా అదే స్వరం. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలకు రెండే శక్తులు: 11.7 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, 13.3 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. మనకు 17 లక్షలు కావాలంటే అది ఇవ్వలేదు. సీజియం-137 తీసుకుంటే అది 6.6 లక్షల దగ్గరే ఆగిపోతుంది. ప్రకృతి ఏ కేంద్రకానికి ఏ స్వరం ఇచ్చిందో అదే.

గంట బదులు వీణ కావాలి. వేలు ఏ మెట్టు మీద పెడితే ఆ స్వరం పలకాలి. శ్రుతి చేయగల గామా కిరణాలు అంటే అవే.

వీణ ఎలా పలుకుతుంది?

1923లో ఆర్థర్ కాంప్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక సంగతి రుజువు చేశారు. ఎక్స్ కిరణం ఎలక్ట్రాన్‌కు తగిలితే, బంతి దేనికో తగిలి నెమ్మదించినట్టు, దాని శక్తి కొంత తగ్గుతుంది. స్వామి జర్మనీ వెళ్లిన 1927లోనే కాంప్టన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వాల్తేరు ల్యాబులో గామా కిరణాలు చెదరడాన్ని కొలిచింది ఈ సూత్రం మీదే.

దీన్ని తిరగేస్తే? క్రికెట్ ఆడే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. కదలకుండా పట్టుకున్న బ్యాటుకు తగిలిన బంతి మెల్లగా పడుతుంది. బలంగా ఊపిన బ్యాటుకు తగిలితే అదే బంతి బౌండరీ దాటుతుంది. ఇక్కడ బంతి లేజర్ కాంతి, బ్యాటు దాదాపు కాంతి వేగంతో ఎదురొచ్చే ఎలక్ట్రాన్. ఢీకొన్నాక వెనక్కి తిరిగే కాంతి గామా కిరణంగా మారుతుంది. ఈ ఆలోచనను శాస్త్రవేత్తలు 1963లో ప్రతిపాదించారు. లేజర్ పుట్టి అప్పటికి మూడేళ్లే.

లెక్క ఇది. ఎలక్ట్రాన్‌కు 50 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇచ్చామనుకుందాం. దానికి ఎదురుగా వెళ్లి తిరిగొచ్చే కాంతి శక్తి సుమారు 38 లక్షల రెట్లు పెరుగుతుంది. ఆకుపచ్చ లేజర్ కాంతికి ఉండేది దాదాపు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అది కాస్తా దాదాపు 90 లక్షలకు చేరుతుంది. ఎలక్ట్రాన్ శక్తిని సగం చేస్తే గామా శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇలా ఎలక్ట్రాన్ శక్తిని పెంచి తగ్గించి కావలసిన స్వరం పట్టుకుంటారు. నేరుగా వెనక్కి వచ్చే కిరణాలకే ఎక్కువ శక్తి ఉంటుంది. అందుకే మందపాటి సీసపు దిమ్మెకు చిన్న రంధ్రం పెట్టి, మధ్యలో వచ్చేవాటిని మాత్రమే బయటికి వదులుతారు.

ఆ ఎలక్ట్రాన్లు తిరిగే గొట్టాల్లో గాలి ఉండకూడదు. లివర్‌పూల్‌లో స్వామికి ఎదురైన సమస్యే ఇక్కడ ఇంకా పెద్ద రూపంలో ఉంది.

మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన అమెరికా నార్త్ కరోలినాలో, డర్హమ్ నగరంలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి కేంద్రం ఉంది. దాదాపు 10 లక్షల నుంచి 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా అది శ్రుతి చేయగలదు. జపాన్‌లోనూ ఇలాంటి కేంద్రం ఉంది.

ఏ తాళానికి ఆ చెవి

ప్రతి కేంద్రకం తనకు సరిపడే శక్తి ఉన్న గామా కిరణాన్నే పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. తాళానికి దాని చెవి ఒక్కటే పట్టినట్టు. యురేనియం-235కు ఉన్న చెవుల్లో ఒకటి 17.33 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది. యురేనియం-238కి ఈ చెవి పట్టదు.

కాబట్టి ఓడరేవుకు వచ్చిన ఇనుప కంటైనర్‌ను తెరవకుండా, సరిగ్గా ఆ శక్తికి శ్రుతి చేసిన గామా కిరణాన్ని దాని గుండా పంపి, లోపల ప్రమాదకరమైన సరుకు దాచారో లేదో చూడవచ్చు. అణు వ్యర్థాలున్న డ్రమ్ములో ఏ పదార్థం ఎంత ఉందో మూత తీయకుండా లెక్కకట్టవచ్చు. మామూలు ఎక్స్ కిరణాలు దాటలేని మందపాటి లోహ భాగాల్లో పగుళ్లు వెతకవచ్చు. వైద్యానికి కావలసిన ఐసోటోపులను తయారుచేసే మార్గం కూడా పరిశోధిస్తున్నారు. ఈ యంత్రాలు పెద్దవి, ఖరీదైనవి. వీటిలో ఎక్కువ పనులు ఇంకా ప్రయోగాల దశలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక్కసారి ఆగి చూడండి. చెవి తయారుచేసే యంత్రం వచ్చింది, సరే. ఏ తాళానికి ఏ చెవో ఎలా తెలిసింది? ప్రపంచం నలుమూలలా ఎన్నో ల్యాబుల్లో, ఎందరో పరిశోధకులు ఒక్కో కేంద్రకాన్ని తీసుకుని దాని శక్తులను కొలిచి పట్టికల్లో రాసిపెట్టారు. ఒక్కో అంకె వెనుక నెలల పని ఉంది. ఆ అంకెలు రాసినవారిలో చాలామంది పేర్లు ఏ పేపర్లోనూ రాలేదు. వాల్తేరు ల్యాబు ఆ పెద్ద పనిలో ఒక భాగం. శ్రుతి చేసే యంత్రాన్ని స్వామి చూడలేదు. శ్రుతి పట్టాలంటే ముందు స్వరాలను గుర్తుపట్టాలి కదా. ఆయన జీవితం దానికే సరిపోయింది.

మన పిల్లల సంగతి

ఈ కథ చెప్పి, ర్యాంకులు వద్దని నేను అనడం లేదు. పరీక్షలు ఉన్నాయి, సీట్లు తక్కువ ఉన్నాయి, పోటీ ఉంది. పదో తరగతి తర్వాత తీసుకునే నిర్ణయం ముఖ్యమైనదే. అయితే అదే చివరి నిర్ణయం అనుకుంటే మాత్రం పిల్లల మీద మోయలేని బరువు పడుతుంది. ఎంపీసీలో చేరి ఇబ్బంది పడుతున్న పిల్లవాడు, పోయిన టెస్టులో మార్కులు తగ్గిన అమ్మాయి, తన జీవితం అయిపోయిందని అనుకోకూడదు. ఆ మాట పిల్లలకు ముందు వినిపించాల్సింది ఇంట్లోనే, మీ నోటి నుంచే.

స్వామి జ్ఞానానంద జీవితంలో నాకు నచ్చేది ఆయన ఆలస్యంగా మొదలుపెట్టడం ఒక్కటే కాదు. మొదలుపెట్టాక వదలలేదు. ముప్ఫై దాటాక మొదటి పాఠం దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడలేదు. పెద్ద పేరు తెచ్చే పని కోసం చూడకుండా, సరిగ్గా కొలవడమే పనిగా పెట్టుకున్నారు. మా ల్యాబులో పిల్లలు రీడింగ్ ఒకసారి తీసి, పుస్తకంలో ఉన్న జవాబుకు దగ్గరగా సర్దేస్తుంటారు. మళ్లీ ఒకసారి తీసి, వచ్చిన అంకెను ఉన్నది ఉన్నట్టు రాసే పిల్లలు కొందరుంటారు. వాళ్ల మార్కులు ఎప్పుడూ అందరికంటే ఎక్కువ ఉండకపోవచ్చు. ఆ గుణాన్ని మాత్రం మీరూ మేమూ కలిసి కాపాడుకోవాలి.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

ఒక పాత సీడీ తీసుకోండి. రాత్రి గదిలో ఒక్క దీపమే ఉంచి, సీడీ మెరిసే వైపును దానికి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ వంచండి. రంగులు కనబడతాయి. ముందు కొవ్వొత్తి, తర్వాత ఎల్‌ఈడీ బల్బు, దొరికితే పాత సీఎఫ్‌ఎల్ బల్బు కూడా పెట్టి చూడండి. కొవ్వొత్తి రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ వస్తాయి. సీఎఫ్‌ఎల్ రంగులు పట్టీలుగా విడివిడిగా కనబడతాయి. మూడింటి బొమ్మలూ పిల్లలతో నోట్‌బుక్‌లో వేయించి, తేడా ఎందుకు వచ్చిందో వాళ్లనే అడగండి. సూర్యుడి వైపు గానీ, లేజర్ లైటుతో గానీ ఇది చేయకూడదు. కళ్లు దెబ్బతింటాయి.

ఆ నోట్‌బుక్ సోమవారం స్కూలుకు పంపితే, అందరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి సైన్స్ పీరియడ్‌లో మాట్లాడుకుంటాం. బొమ్మ అందంగా రాలేదని చింపేయవద్దని పిల్లలకు చెప్పండి. కనబడింది కనబడినట్టు వేస్తే చాలు.

– సైన్స్ టీచర్, ఇంగ్లిష్ మీడియం, తుళ్లూరు బ్రాంచ్